ఎవరి వంటిల్లూ కాని నాలుగు రోజులు

ఇండియా వెళ్ళే దారిలో టోక్యోలో నాలుగు రోజులు ఆగుదామన్న ఆలోచన నాది. ఇంట్లో ఆలోచన ఎవరిదైతే దాని చాకిరీ కూడా వాళ్ళదే. కాబట్టి లైబ్రరీ నుంచి పుస్తకాలు తేవడం, వీసా కోసం న్యూయార్క్ కాన్సులేట్‌కి వెళ్ళడం, ట్రావెల్ ఏజెంటుకి ఫోన్లు చెయ్యడం అన్నీ నాకే వచ్చాయి. వాటికి నేను బాధపడలేదు. ఆ నాలుగు రోజులు నాకు కావాలి.

ఎనభైల నడిమి రోజులవి. న్యూజెర్సీలో పిస్కాటవేలో ఉండేవాళ్ళం. మా ఆయన ఎలక్ట్రికల్ ఇంజినీరు. నేను ఒక మందుల కంపెనీ లేబొరేటరీలో కెమిస్టుని. అమ్మాయి మిడిల్ స్కూల్లోకి వచ్చింది, అబ్బాయి ఇంకా చిన్నవాడు, ఇద్దరూ అక్కడే పుట్టారు. మా అత్తగారు కొన్నాళ్ళు మా దగ్గర ఉందామని వచ్చి, ఒక మంచుకాలం చూసి, ఇక చాలు, పంపించెయ్యండన్నారు. ఆవిణ్ణి దిగబెట్టడానికి వేసవిలో అందరం కలిసి బయలుదేరాలి.

ఎప్పుడూ లండన్ మీదుగా వెళ్ళేవాళ్ళం. ఆసారి ట్రావెల్ ఏజెంటు, పసిఫిక్ వైపునుంచి వెళ్ళినా అదే టిక్కెట్టు మేడమ్, మధ్యలో ఒకచోట ఆగొచ్చు అన్నాడు. నేను వెంటనే టోక్యో అన్నాను.

"టోక్యోలో మనకెవరున్నారు?" అన్నారు మా ఆయన.

"ఎవరూ లేరు. అందుకే."

ఆయన నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

అమెరికాలో అప్పటికి మేము చాలా ఊళ్ళు చూశాం. చూశామంటే, ఆ ఊళ్ళలో ఉన్న తెలుగువాళ్ళ ఇళ్ళు చూశాం. నయాగరా అంటే నాకు గుర్తొచ్చేది బఫెలోలో ఒకరి వంటింట్లో సింకు. ఇంటావిడ పెసరట్లు పోస్తోంది, నేను అల్లం చట్నీ రుబ్బుతున్నాను, మగవాళ్ళు పిల్లల్ని తీసుకుని నీళ్ళు చూడ్డానికి వెళ్ళారు. మేం ఆడవాళ్ళం మధ్యాహ్నం వెళ్దామనుకున్నాం. మధ్యాహ్నానికి ఇంకో కుటుంబం దిగింది. వాషింగ్టన్‌లో శ్వేతసౌధం చూసింది పిల్లలూ, వాళ్ళ నాన్నా. ఆ పూట నేను వంకాయలు తరుగుతూ, ఆ ఇంటావిడ తన ఆడపడుచు గురించి చెప్తుంటే విన్నాను. మంచి మనిషి. ఆవిడ కూడా అదే వాషింగ్టన్‌లో అన్నేళ్ళుండి, చుట్టాలొచ్చినప్పుడు తప్ప ఆ వీధుల మొహం చూడలేదుట. చుట్టాలొచ్చినప్పుడు వంటింట్లో ఉంటుంది కాబట్టి అప్పుడూ చూడలేదు.

అక్కడ చుట్టాలుండాలన్న నియమం కూడా లేదు. కొత్త ఊళ్ళోకి కారు ప్రవేశించగానే మా ఆయన గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపేవారు. ఫోన్ బూత్‌లో గొలుసుకి వేలాడే డైరెక్టరీ తెరిచి, రావుగార్లూ, రెడ్డిగార్లూ, శాస్త్రిగార్లూ ఎక్కడున్నారో వేలు పెట్టి వెతికేవారు. "నమస్కారమండీ, మీరు తెలుగువాళ్ళేనా? మేం న్యూజెర్సీ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నాం" అంటే చాలు. అవతల మనిషి, అయ్యో, హోటలేమిటండీ, ఇల్లుండగా అనేవాడు. ఆ మాట అనేది మగగొంతు. ఆ వెనక వంటింట్లో ఎవరో బియ్యం డబ్బా మూత తీస్తున్న చప్పుడు నాకు ఫోన్లో వినిపించినట్టే ఉండేది. మా ఇంటికీ అలాగే వచ్చేవారు. మా ఆయన అలాగే అనేవారు. నేను అలాగే డబ్బా మూత తీసేదాన్ని.

దీన్ని అందరూ మన సంస్కృతి అంటారు. ఆతిథ్యం మన రక్తంలో ఉందంటారు. రక్తం సంగతి నా ఉద్యోగం వల్ల నాకు కొంత తెలుసు, అందులో ఆతిథ్యం ఉండదు. ఆడదాని నడుములో ఉంటుంది. ఒక పద్ధతి గొప్పదా కాదా అని తేల్చాలంటే దాని బరువు ఎవరు మోస్తున్నారో చూడాలి అని నేను చాలాసార్లు చాలామంది ముందు వాదించాను. విన్నవాళ్ళు, బాగా చెప్పారు అని ఇంకో గారె వేయించుకున్నారు.

అందుకే టోక్యో. నాకక్కడ చూడాలని ఉన్నవి పెద్దగా లేవు. అబ్బాయికి బుల్లెట్ రైలు, అమ్మాయికి జూలో పాండాలు, మా ఆయనకి ఎలక్ట్రానిక్ దుకాణాలున్న వీధి. అత్తగారికి ఒక పాత గుడి ఉందని పుస్తకంలో బొమ్మ చూపిస్తే, వాళ్ళ దేవుడు కూడా అమ్మవారిలాగే ఉన్నాడే అని ఒప్పుకున్నారు. డైనింగ్ టేబుల్ మీద ఊరి మ్యాపు పరిచి, రోజుకొక దిక్కు చొప్పున పెన్సిల్‌తో గీసుకున్నాం. నాకేం కావాలని అమ్మాయి అడిగింది.

"వాట్ డూ యూ వాంట్, అమ్మా?"

"హోటల్ గదిలో కిటికీ పక్కన కూర్చుంటాను. ఎవరో కాఫీ తెచ్చి పెడతారు. తాగుతాను."

"దట్స్ ఇట్? యూ కెన్ డూ దట్ ఇన్ న్యూజెర్సీ."

"నువ్వు పెడతావా?"

అది నవ్వేసి మళ్ళీ పాండాల మీదికి పోయింది.

*

వసంతం చివర్లో ఒక శనివారం ఎవరింట్లోనో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు. కింద బేస్‌మెంట్‌లో మగవాళ్ళు, పైన వంటింట్లో ఆడవాళ్ళు, మధ్య మెట్ల మీద పిల్లలు. మా ఆయన ప్రయాణం సంగతి చెప్పారు. ఆయన పక్కనే ఉన్న స్నేహితుడొకాయన, మా పెళ్ళైన కొత్తలోంచీ తెలిసినవాడు, పళ్ళెం పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"టోక్యోలో మనవాళ్ళున్నారు కదా గురూ!"

నేను అప్పడాలు పట్టుకుని కిందికి దిగుతున్నాను. అక్కడే ఆగిపోయాను.

"మనవాళ్ళెవరు?" అన్నారు మా ఆయన, మొహం వెలిగిపోయి.

"గుంటూరు జిల్లా వాళ్ళు. ఆయన ఓడలు కట్టే కంపెనీలో ఇంజినీరు. మా బావమరిది సింగపూర్ వెళ్తూ వాళ్ళింట్లోనే మూడ్రోజులున్నాడు. ముద్దపప్పూ, నెయ్యీ, గోంగూర పచ్చడీ. టోక్యోలో గోంగూరయ్యా! నంబరిప్పిస్తా, నే చెప్తా ఉండు."

"మేం హోటల్‌కి వెళ్తున్నామండీ" అన్నాను నేను.

"హోటలేంటి వదినగారూ? మనవాళ్ళుండగా?"

"వాళ్ళెవరో మనకి తెలీదు. మనమెవరో వాళ్ళకి తెలీదు. మనం ఐదుగురం. ఆవిడ వంట మనిషి కాదు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?"

"అడగడానికేముంది? తెలుగావిడ. సంతోషిస్తుంది."

"మీ ఇంటికి ఐదుగురు దిగితే మీరు సంతోషిస్తారు. వంటింట్లోకి వెళ్ళి మీ ఆవిణ్ణి అడిగి రండి, నేనిక్కడే ఉంటాను."

బేస్‌మెంట్ అంతా నవ్వింది. ఎవరో, "అయిపోయింది, ఉపన్యాసం మొదలైంది, కుర్చీలు సర్దుకోండి" అన్నారు. ఆయన మాత్రం మెట్లెక్కలేదు. నేను అప్పడాలు బల్ల మీద పెట్టి పైకి వెళ్ళిపోయాను. వాదనలో గెలిచాననే అనుకున్నాను. మేం ఇల్లు చేరేసరికి మా ఆయన చొక్కా జేబులో ఫోన్ నంబరుంది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇంట్లో ఇదే చర్చ. ఆయన చెడ్డవారు కాదు. అరవరు, కొట్టిపారెయ్యరు. ఓపిగ్గా, మెత్తగా, మళ్ళీ అదే చోటికి వస్తారు. అరిచేవాడితో పోట్లాడొచ్చు. మెత్తగా ఉండేవాడితో పోట్లాడి పోట్లాడి మనమే అలిసిపోతాం.

"అమ్మ సంగతి ఆలోచించు. బయట తినదు కదా. మడీ, ఆచారం. హోటల్లో చేపల వాసన కూడా పడదు. వాళ్ళింట్లో అయితే ఒక స్టవ్ మీద తన అన్నం తను వండుకుంటుంది."

"అత్తయ్యని అడిగారా?"

"అడగడమెందుకు? తెలిసిందే కదా."

"నాలుగు రోజులు అటుకులూ, పెరుగూ, అరటిపళ్ళూ తింటే సరిపోతుంది. విమానంలో వచ్చేటప్పుడు అదే తిన్నారు కదా."

"పెద్దావిడ చేత అటుకులు తినిపించి మనం ఊరు తిరుగుతామా?"

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక కాదు. ఆ జవాబు పదిసార్లు చెప్పి ఉన్నాను. ఒకరోజు ల్యాబ్‌ నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కుక్కరు పెడుతూ, ఎవరూ అడక్కుండానే, "సరే. వాళ్ళకి ఫోన్ చెయ్యండి" అన్నాను. మా ఆయన, నాకు తెలుసు నువ్వు అర్థం చేసుకుంటావని, అన్నారు. నేను అర్థం చేసుకోలేదు. అలిసిపోయాను. ఈ రెండింటికీ ఉన్న తేడా మగవాళ్ళకి ఇంతవరకూ ఎవరూ నేర్పలేదు.

మ్యాపు మడిచి పుస్తకాల కింద పెట్టేశాను. ఇంట్లో కట్టుకునే పాత చీరలు రెండు సూట్‌కేసులో పడేశాను. వంటింట్లోకి అవే బాగుంటాయి.

*

ఒక ఆదివారం పొద్దున మా ఆయన టోక్యోకి ఫోన్ చేసి మాట్లాడారు. అక్కడ అప్పటికే చీకటి పడి ఉంటుంది. అవతల ఆయన చాలా మర్యాదగా, తప్పకుండా రండన్నాట్ట. నేనూ పిల్లలూ ఉప్మా తింటున్నాం. అత్తగారు మడి కట్టుకుని తన గిన్నెలో తన అన్నం వార్చుకుంటున్నారు. మా ఆయన ఫోన్ పెట్టేసి కూర్చుని, కబురు చెప్పారు.

"శనివారం మధ్యాహ్నం దిగుతాం కదా, ఎయిర్‌పోర్ట్‌కి తనే వస్తాడుట. ఆదివారం పొద్దున మాత్రం వాళ్ళు ఇంట్లో ఉండర్ట. చర్చికి వెళ్ళొస్తార్ట. తెలుగు ప్రార్థన వాళ్ళింట్లోనే సాయంత్రం పెట్టుకుంటార్ట, నాలుగైదు కుటుంబాలు వస్తాయిట."

అత్తగారి చేతిలో గంటె ఆగింది.

"చర్చికా?"

"అవునమ్మా."

"మనవాళ్ళన్నావు?"

"మనవాళ్ళేనమ్మా, గుంటూరు జిల్లా."

"గుంటూరు జిల్లా అయితే? కిరస్తానీ వాళ్ళా?"

మా ఆయన తలూపారు. అత్తగారు గిన్నె దించి, పైన మూత పెట్టి, చాలా మామూలుగా అన్నారు. "నేనక్కడ పచ్చి మంచినీళ్ళు ముట్టను. నన్ను విమానాశ్రయంలో కూర్చోబెట్టి మీరు వెళ్ళిరండి."

"అబ్బే, ఎందుకమ్మా అంత మాట. హోటల్ బుక్ చేద్దాం. అంతే కదా."

అంతే కదా.

కొన్ని వారాలు నేను నా నోరు నొప్పెట్టేదాకా అడిగింది ఒక్క నిమిషంలో అయిపోయింది. చెంచా పక్కన పెట్టి ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు నవ్వుతూ చూశారు. "చూశావా, నీకూ కావలసింది దొరికింది" అన్న నవ్వు. నిజం చెప్పాలంటే నా ఒళ్ళు ముందు సంతోషించింది. కిటికీ, కాఫీ, ఎవరి వంటిల్లూ కాని నాలుగు రోజులు. ఆ తర్వాత బుర్ర పని చెయ్యడం మొదలుపెట్టింది.

మా నాన్న తెనాలిలో బడిపంతులు. ఆదివారం సాయంత్రాలు గ్రంథాలయం వెనక గదిలో చర్చ జరిపించేవాడు. కులం ఉండాలా వద్దా, వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవాలా వద్దా, దేవుడున్నాడా లేడా. పిల్లలం కూడా మాట్లాడాలి. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరు గెలిచారో తేలాక, గెలిచినవాడు మళ్ళీ లేచి నిలబడి, తను చెప్పిన వాటిలో ఏది తప్పుడు వాదమో, దేనితో మోసం చేసి చప్పట్లు కొట్టించుకున్నాడో తనే చెప్పాలి. చెప్పకపోతే గెలుపు లెక్కలోకి రాదు. నాకు ఆ పద్ధతి ఒళ్ళుమంటగా ఉండేది. పెళ్ళి కూడా మా నాన్న పురోహితుడు లేకుండా అదే గదిలో చేశాడు. మా అత్తగారు ఇప్పటికీ దాన్ని పెళ్ళి అనరు, "మీ సభ" అంటారు.

ఇప్పుడు నా హోటల్ గది ఒక మనిషి కులం మీదా, మతం మీదా నిలబడి నాకు దక్కుతోంది. ఏ మాటకి వ్యతిరేకంగా నేను చిన్నప్పటినుంచీ నోరు చేసుకున్నానో ఆ మాట నాకు తాళంచెవి తెచ్చి ఇచ్చింది. తీసుకుని జేబులో వేసుకోవచ్చు. ఎవరూ చూడరు. నా కారణం వేరు, ఆవిడ కారణం వేరు, గది ఒకటే కదా అనుకోవచ్చు. ఆ వాదం కూడా చేసి చూసుకున్నాను. రెండు రోజులు అది బాగానే నిలబడింది.

మూడోరోజు సాయంత్రం మా ఆయన, టోక్యో వాళ్ళకి ఫోన్ చేసి కంపెనీవాళ్ళే హోటల్ ఏర్పాటు చేశారని చెప్పేస్తాను అన్నారు.

"ఏ కంపెనీ?"

"ఏదో ఒకటి. నిజం చెప్పలేం కదా, పాపం బాధపడతారు."

"నేను మాట్లాడతాను" అన్నాను.

*

ఆ సాయంత్రమే చేశాను. అక్కడ మర్నాడు పొద్దున. ఆయన ఆఫీస్‌కి వెళ్ళిపోయినట్టున్నాడు, ఆవిడే తీసింది. మొదట జపాను మాట ఏదో అంది. నేను తెలుగులో పలకరించగానే గొంతు మారింది.

"న్యూజెర్సీ నుంచాండీ? చెప్పండి. రావడం కుదరట్లేదు, అంతేనా?"

"అలా ఎందుకనుకున్నారు?"

"మావారు ఆదివారం చర్చి సంగతి చెప్పారు కదండీ. చెప్పొద్దన్నాను. ఆయన, దాచడమెందుకంటారు. చెప్పాక ఎవరో ఒకళ్ళ దగ్గర్నుంచి ఇలాగే ఫోనొస్తుంది. హోటల్ దొరికిందని. కంపెనీ ఇచ్చిందని. ఒకాయన అయితే ప్రయాణమే మానుకున్నామని చెప్పాడు. వారం తర్వాత ఆయన్ని జూలో చూశాం." అని నవ్వింది. "మీరేం చెప్తారో చెప్పండి, పర్లేదు."

ఇలాంటప్పుడు మర్యాదగా అబద్ధం ఆడడం ఎంత తేలికో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆవిడే నాకు మూడు రకాలు అందించింది కూడా.

"మీకు రెండు నిజాలు చెప్తాను. మా అత్తగారు మీరు క్రైస్తవులని మీ ఇంట్లో తిననన్నారు. అందుకని మా ఆయన హోటలన్నారు. అది మొదటిది. రెండోది, అది తెలియక ముందునుంచీ నాకు మీ ఇంటికి రావాలని లేదు."

అవతల కుర్చీ లాక్కున్న చప్పుడైంది.

"మీరెవరైనా అంతే. నేనెక్కడికెళ్ళినా ఎవరి వంటింట్లోనో నిలబడుతున్నాను. టోక్యోలో ఒక్కసారి ఊరు చూద్దామనుకున్నాను."

ఆవిడ, "మొదటిది నాకు అలవాటేనండీ" అంది. "మా అమ్మమ్మ కాలం నుంచీ అలవాటు. రెండోది ఇప్పటిదాకా ఎవరూ అనలేదు." ఆ వెంటనే, "ఈ ఏడు మా ఇంటికి ఎన్ని కుటుంబాలు వచ్చాయో తెలుసా అక్కా? మా వంటిల్లు ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. గోంగూర ఎక్కడ దొరికిందని అందరూ అడుగుతారు. గోంగూర కాదది. ఇక్కడేదో పుల్లటాకు, చింతపండు వేసి అలా చేస్తాను. ఎవరూ కనిపెట్టలేదు."

ఇద్దరం నవ్వాం. అక్కడితో ఫోన్ పెట్టేసినా సరిపోయేది. ఆవిడకి నేను రాకపోవడమే సుఖం, నాకు వెళ్ళకపోవడమే సుఖం. కానీ ఆవిడ అంది, "మా పాపకి మాత్రం చెప్పేశానండీ, అమెరికా నుంచి తెలుగక్క వస్తోందని. ప్రార్థనకొచ్చే ఇళ్ళలో ఆడపిల్లల్లేరు, తెలుగు మాట్లాడే పిల్లని చూసి చాన్నాళ్ళయింది. రోజూ అడుగుతోంది. ఏదో సర్దిచెప్తాలెండి. ఇదివరకూ చెప్పాను."

ఇదివరకూ చెప్పాను అన్నది ఆవిడ మామూలుగానే అంది. ఉప్పు అయిపోయిందన్నట్టు. ఒక చిన్నపిల్లకి, రావలసినవాళ్ళు ఎందుకు రాలేదో, నిజం చెప్పకుండా సర్దిచెప్పడం ఎన్నిసార్లు జరిగితే గొంతు అంత మామూలుగా అవుతుందో లెక్క కట్టే ఓపిక నాకు లేదు. నేను హోటల్లో కిటికీ పక్కన కూర్చుని ఏ కారణం అనుకున్నా, ఆ పిల్లకి తెలిసేది ఒక్కటే కారణం. ఆ ఊళ్ళో నా అలసటకీ మా అత్తగారి ఆచారానికీ తేడా చూపించే గుర్తేదీ ఉండదు.

"నేనూ పిల్లలూ మీ ఇంట్లో ఉంటాం" అన్నాను. "మీకు మరీ కష్టం కాకపోతే."

"మీకు వంటిల్లు వద్దన్నారు కదక్కా?"

"వద్దు. ఇప్పటికీ వద్దు."

"అయితే ఒక పూట ఒకళ్ళం నిలబడదాం, ఇంకొకళ్ళం కూర్చుందాం. ఇద్దరికీ చోటు ఎటూ లేదు."

*

మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర అంతా విన్నారు.

"నీకేం కావాలో నాకు అర్థం కావట్లేదు. హోటల్ కావాలని వారాల తరబడి పోట్లాడావు. దొరికింది. ఇప్పుడు వద్దంటావు."

"నేనడిగినప్పుడు దొరకలేదు. అత్తయ్య అన్నప్పుడు దొరికింది."

"ఎలా దొరికితేనేం?"

"ఎలా దొరికిందన్నది చాలా ముఖ్యం. మీరు నా మాట విని ఇచ్చి ఉంటే, ఈపాటికి సంతోషంగా సూట్‌కేసు సర్దుకునేదాన్ని. వాళ్ళకి ఫోన్ చేసి, మీ ఇంటికి ఒకపూట భోజనానికి వస్తాం, ఉండడం హోటల్లో అని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ గదిలో నేను పడుకుంటే మీ అమ్మగారి మాటకి సంతకం పెట్టినట్టే."

"నువ్వు లోకంలో ప్రతిదానికీ సంతకం పెడుతున్నాననుకుంటావు" అన్నారాయన. కోపంగా కాదు. అలసటగా. ఆ ఇంట్లో అలిసిపోయింది నేనొక్కదాన్నే కాదని అప్పుడు కనిపించింది. కనిపించినంత మాత్రాన నా అభిప్రాయం మారలేదు.

మర్నాడు ల్యాబ్‌ నుంచి ట్రావెల్ ఏజెంటుకి ఫోన్ చేశాను.

"టోక్యోలో హోటల్ కావాలి. ఒక గది, ఇద్దరికి. కిటికీ ఉన్న గది చూడండి, పెద్దావిడ పగలంతా గదిలోనే ఉండొచ్చు."

"మేడమ్, టిక్కెట్లు ఐదు కదా?"

"ఐదే. గది ఇద్దరికి."

ఆయన గుజరాతీ పెద్దమనిషి, ఇలాంటి కుటుంబాలు చాలా చూసినవాడు. ఇంకేం అడగలేదు. పొద్దున కాఫీ టిఫిన్లు గదికే తెచ్చి ఇస్తారు, బాగుంటుంది మేడమ్, అన్నాడు. బాగుంటుందని నాకు తెలుసు.

పిల్లలకి చెప్పాను. అబ్బాయి, బుల్లెట్ రైలు ఉందా లేదా అని అడిగి ఉందని తెలుసుకుని వెళ్ళిపోయాడు. అమ్మాయి మాత్రం నిలబడింది.

"సో నానమ్మ గెట్స్ ద హోటల్? అండ్ యూ గెట్ ద కిచెన్?"

"ఒక పూటే. ఇంకో పూట కూర్చుంటాను."

"దట్స్ నాట్ ఫెయిర్, అమ్మా."

"కాదు" అన్నాను.

బయలుదేరేముందు వారం, అత్తగారు నా దగ్గరికి ఒక గాజు సీసా తెచ్చారు. చలికాలంలో తను పెట్టిన నిమ్మకాయ ఊరగాయ. మూత మీద ప్లాస్టిక్ కవరు వేసి, రబ్బరు బ్యాండ్లు బిగించారు.

"వాళ్ళింట్లో నువ్వు తింటావా?"

"తింటానత్తయ్యా."

"పిల్లలు?"

"తింటారు."

ఆవిడ కాసేపు సీసా తుడిచారు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు. "ఉత్తచేతులతో ఎలా వెళ్తావు? నాలుగు రోజులు వాళ్ళ మీద పడి తింటారు. ఇది ఇవ్వు ఆవిడకి. ఆ దేశంలో ఏం దొరుకుతుందో ఏమిటో."

ఇలాంటి చోటే నేను మామూలుగా మొదలుపెడతాను. ఇస్తే అంటని మైల పుచ్చుకుంటే ఎలా అంటుందని. పై వాళ్ళమనుకునేవాళ్ళ చెయ్యి ఎప్పుడూ పైనే ఎందుకుండాలని. ఒక గంట మాట్లాడేంత సరుకు ఆ సీసాలో ఉంది. ఆవిడ చేతులు చూశాను. నిమ్మకాయలు కోసినప్పుడు తెగిన గాటు మచ్చ బొటనవేలి మీద ఇంకా ఉంది. నాకు ఒక్క ప్రశ్నకే ఓపికుంది.

"వాళ్ళు తిరిగి ఏమైనా ఇస్తే?"

అత్తగారు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, ఇంతకుముందెప్పుడూ ఎదురుకాని సంగతిలా.

"నీ పెట్టెలో పెట్టుకో" అన్నారు. "నా దాంట్లో పెట్టకు."

నేను నా సూట్‌కేసు మళ్ళీ తెరిచాను. పాత చీరల్లో ఒకటి తీసి బయట పెట్టి, అంత చోటు ఖాళీగా ఉంచాను.